నాన్న పేరు తీయించడానికి సంతకం ఎవరు పెట్టాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. పదమూడేళ్ళుగా హైదరాబాద్ నిజాంపేటలో ఉంటున్నాను. ఊళ్ళో ఓటు ఉంది, 2018లో ఇక్కడా రాయించుకున్నాను. నాన్న పోయి నాలుగేళ్ళయింది. అయినా ఆయన పేరు లిస్టులో అలాగే ఉంది. మొన్నటి ఎన్నికల్లో ఆయన పేరున స్లిప్పు కూడా ఇచ్చి వెళ్ళారు. అమ్మ ఏడాదిలో ఐదారు నెలలు మా దగ్గరే ఉంటుంది. ఇప్పుడు ఎవరో 'ఈవిడ ఊళ్ళో ఉండటం లేదు' అని, పేరు తీసేయమంటూ ఫారం 7 పెట్టారట. తలుపుకి నోటీసు అంటించారని పాలు పోసే ఆయన ఫోన్ చేసి చెప్పాడు. 'పోయినాయన్ని ఉంచి, బతికున్నదాన్ని తీసేస్తారా?' అని అమ్మకి ఒకటే టెన్షన్. నాన్న పేరు తీయిద్దామంటే మాత్రం 'నా చేత్తో కొట్టేయమంటావా' అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. నా రెండో ఓటు సంగతి బయటపడితే కేసవుతుందా? 'ఊళ్ళో ఓటు తీయించుకోకు, ఊరితో బంధం తెగిపోద్ది' అంటున్నారు మా వాళ్ళు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు పేర్లున్నాయి. ఒకటి తీయించాలి, ఒకటి కాపాడుకోవాలి, మూడోది, అంటే మీది, ఎక్కడ ఉంచాలో తేల్చుకోవాలి. తొందరగా చూడాల్సింది మాత్రం అమ్మగారి సంగతి. ఎందుకంటే దానికి గడువు ఉంది.

ముందు పాలాయన చేత ఆ నోటీసుని ఫోటో తీయించి వాట్సాప్‌లో తెప్పించుకోండి. విచారణ ఏ తేదీన, ఎవరి ముందు అన్నది అందులో ఉంటుంది. మామూలుగా ఎమ్మార్వో ఆఫీసులోనే పెడతారు. తహసీల్దారు అసిస్టెంట్ ఓటర్ల రిజిస్ట్రేషన్ అధికారిగా వింటారు. ఆ రోజు అమ్మగారు స్వయంగా అక్కడ ఉండేలా చూడండి. 'వయసైపోయింది, నేను వెళ్ళి మాట్లాడి వస్తాలే' అనుకోకండి. ఆవిడ ఊళ్ళో ఉండటం లేదన్నది ఫిర్యాదు. ఆవిడే వచ్చి ఎదురుగా కూర్చుంటే సగం జవాబు అక్కడే వచ్చేసినట్టు.

మిగతా సగం చట్టంలో ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఓటరు కావాలంటే పద్దెనిమిదేళ్ళు నిండాలి, ఆ నియోజకవర్గంలో 'సాధారణంగా నివసిస్తూ' ఉండాలి. ఆ మాటకి అర్థం 20వ సెక్షన్ చెబుతుంది. తాత్కాలికంగా వేరే చోటికి వెళ్ళినంత మాత్రాన నివాసం పోదు. కొడుకు దగ్గరికి మనవల కోసం వచ్చి, మళ్ళీ వెళ్ళి తన ఇంట్లో తన పొయ్యి వెలిగించుకునే మనిషి ఊరు వదిలేసినట్టు కాదు. గ్యాస్ బుక్కు, కరెంటు బిల్లు, ఊళ్ళో బ్యాంకు పాసుబుక్కు, ఆధార్, వీటి జిరాక్సులు పట్టుకెళ్ళండి. ఒక తెల్లకాగితం మీద 'నేను ఫలానా ఇంటి నంబరులో ఉంటున్నాను, అప్పుడప్పుడు మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి వస్తుంటాను, నా పేరు తీయవద్దు' అని రాసి, సంతకమో వేలిముద్రో వేయించి ఇవ్వండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. ఈ చివరి పని మర్చిపోకండి. అప్పీలు దాకా వెళ్తే మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

ఒక విషయంలో అమ్మగారికి ధైర్యం చెప్పండి. ఇప్పటికే లిస్టులో ఉన్న పేరుకి చట్టంలో కొంత బలం ఉంది. 1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఒకసారి పేరు ఎక్కిందంటే అప్పట్లో విచారించే ఎక్కించారని భావించాలి, మనిషికి చెప్పుకునే అవకాశం సరిగ్గా ఇవ్వకుండా తీసేయకూడదు అని. ఊరు మారిపోయారనో, అర్హత లేదనో పేరు తీయాలంటే ముందు వాళ్ళ మాట వినాలని 22వ సెక్షనే అంటోంది. ఫిర్యాదు పెట్టినవాడు తన మాట నిరూపించుకోవాలి. పెట్టిందెవరో దాచే విషయం కూడా కాదు. ఫారం 7లో ఎవరి పేరు మీద ఎవరు అభ్యంతరం పెట్టారో, కారణమేంటో ఫారం 10 అనే జాబితాలో రాసి నోటీసు బోర్డులో పెడతారు, ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లోనూ ఉంచుతారు. వెళ్ళి చూడండి. అందులో ఉన్న పేరు పక్కింటాయనదే అయినా వెంటనే ఇంటి మీదకి పోకండి. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో లక్షల సంఖ్యలో ఫారం 7లు వచ్చిపడ్డాయి. వాటిలో చాలా వాటి మీద ఎవరి పేరు ఉందో ఆ మనిషికే తెలియదు. 'నేనెప్పుడు పెట్టానండీ!' అని జనం తెల్లబోయారు, పోలీసు కేసులయ్యాయి. మీ పక్కింటాయన పేరుని కూడా ఎవరో వాడుకుని ఉండొచ్చు. ముందు ఆయన్నే అడగండి. తాను పెట్టలేదంటే అదే మాట కాగితం మీద రాసిమ్మనండి. తెలిసి తెలిసి అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ ఉంటాయి.

అన్నీ చేసినా పేరు తీసేశారనుకోండి. ఆర్డరు వచ్చిన 15 రోజుల్లో కలెక్టరు గారికి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే 30 రోజుల్లో ముఖ్య ఎన్నికల అధికారికి వెళ్ళొచ్చు. అంతదాకా రాదనే నా నమ్మకం.

నాన్నగారి పేరు సంగతికి వద్దాం. మీరు చదువుకున్నవారు, ఫోన్లోనే ఫారం నింపేయొచ్చు కదా అనుకుని ఉంటారు. అక్కడొక మెలిక ఉంది. ఫారం 7 పెట్టేవాళ్ళు అదే నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. ఇవాళ్టికి మీకూ అక్కడ ఓటుంది కాబట్టి మీరు పెట్టొచ్చు. కానీ ఆ ఓటు మీరు తీయించుకోవాల్సిందే (ఎందుకో కింద చెబుతాను). తీయించుకున్నాక ఆ హక్కు పోతుంది. కాబట్టి వరుస తప్పకండి. నాన్నగారిది ముందు, మీది తరవాత. లేదంటే అమ్మగారు పెట్టాలి. నన్నడిగితే అమ్మగారి చేత పెట్టించడమే మంచిదంటాను. 'ఈవిడ ఇక్కడ ఉండటం లేదు' అన్న ఫిర్యాదు విచారణలో ఉన్న రోజుల్లోనే, అదే ఊరి ఓటరుగా ఆవిడే సంతకం పెట్టిన కాగితం అదే ఆఫీసుకి చేరుతుంది. మరణ ధ్రువపత్రం జిరాక్సు జత చేసి బీఎల్వో (మీ బూత్ ఓటర్ల లిస్టు చూసే బూత్ లెవెల్ ఆఫీసరు) చేతికిస్తే చాలు.

'పోయి నాలుగేళ్ళయినా ఎందుకు తీయలేదు?' అని మీరు అడగలేదు గానీ, అందరూ అడిగేది అదే. ఇంట్లోవాళ్ళు చెప్పకపోతే బీఎల్వోకి తెలిసే దారి తక్కువ. ఆవిడ అంగన్‌వాడీ టీచరో, స్కూలు టీచరో అయి ఉంటుంది. తన పని తను చేసుకుంటూ, ఏడాదికోసారి వెయ్యిమంది పేర్లున్న కాగితాల కట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. 'ఈయన ఉన్నారా అమ్మా?' అని అడిగితే, ఉన్నారని చెప్పడానికి నోరు వస్తుంది గానీ పోయారని చెప్పడానికి ఇంటి ఆడవాళ్ళకి నోరు రాదు. చాలా చోట్ల తలుపు తాళమే ఉంటుంది. చావులు నమోదు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ. లిస్టు ఉండేది ఇంకో శాఖ దగ్గర. ఇటు వివరం అటు వెళ్ళకపోవడమే ఇన్నాళ్ళ జబ్బు. దానికి మందుగా, మరణాల నమోదు వివరాలు రిజిస్ట్రార్ జనరల్ నుంచి నేరుగా ఆన్‌లైన్లో తెప్పించుకుంటామని ఎన్నికల సంఘం 2025 మే నెలలో ప్రకటించింది. అలా వచ్చిన పేరుని బీఎల్వో మళ్ళీ ఇంటికొచ్చి సరిచూసుకోవాలి. ఎవరూ ఫారం 7 పెట్టేదాకా ఆగక్కర్లేదు. మంచిదే. కానీ నాలుగేళ్ళ కిందటి చావు దానంతటదే సర్దుకుంటుందని మీరు కూర్చోకండి.

ఉంటే నష్టమేంటి అంటారా? మీ నాన్నగారి పేరు మీద వచ్చిన ఆ స్లిప్పు ఇప్పుడు ఎక్కడుందో మీకు తెలుసా? దొంగ ఓటుకి దారి అదే. పోలింగ్ రోజు బూత్‌లో ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఇంట్లో లేనివాళ్ళు, మారిపోయినవాళ్ళు, చనిపోయినవాళ్ళ పేర్లతో విడిగా ఒక జాబితా ఉంటుంది. ఏజెంటు రెండు రూపాయలు కట్టి 'ఈయన ఆయన కాదు' అని ఛాలెంజ్ చేయొచ్చు కూడా. అయితే మధ్యాహ్నం మూడింటికి క్యూ గేటు దాటి రోడ్డు మీదకి వచ్చినప్పుడు, ఏజెంట్లిద్దరూ ఒకే కుర్చీ కింద టిఫిన్ డబ్బాలు పెట్టుకుని కబుర్లలో ఉన్నప్పుడు, ఆ జాబితా తిరగేసేదెవరు?

ఇలా అంటున్నానని లిస్టులో అన్యాయమంతా ఉండకూడని పేర్ల వల్లే జరుగుతుందని అనుకోకండి. ఉండాల్సిన పేరు పోవడం ఇంకా పెద్ద నష్టం. నేను రెవెన్యూలో ఉన్నప్పుడు నా చేతి మీదుగానే ఒకటి జరిగింది. ఒకే వీధిలో ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ళు. ఇంటిపేరు పొడి అక్షరం కూడా ఒకటే. ఒకావిడ చనిపోయింది. బీఎల్వో తెచ్చిన కాగితంలో రెండోవిడ వరుస నంబరు పడింది. కుప్పలో కాగితం, సంతకం పెట్టేశాను. లిస్టులో ఆవిడ డబ్బా మీద అడ్డంగా తొలగింపు ముద్ర, పక్కన చనిపోయారనే గుర్తుగా ఇంగ్లీషు 'ఈ' అక్షరం. పోలింగ్ రోజు ఆవిడ ఉతికిన చీర కట్టుకుని, ప్లాస్టిక్ కవర్లో కార్డు పెట్టుకుని వచ్చింది. 'కార్డుందిగా బాబూ' అంటుంది. కార్డు ఉంటే సరిపోదు, లిస్టులో పేరుండాలి అని చెప్పాల్సొచ్చింది. తలాడించి వెళ్ళిపోయింది. గొడవ చేసి ఉంటేనే నాకు బావుండేది.

మన వాళ్ళు తిరగేసి పట్టుకునే సంగతి ఇదే. కార్డు లేకపోయినా లిస్టులో పేరుంటే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటివి చూపించి ఓటేయొచ్చు. పేరు లేకపోతే కార్డు ఉత్త బొమ్మే. 2018 డిసెంబరులో తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల రోజు బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల అంతటి ఆవిడ పేరే లిస్టులో కనపడలేదు. పేర్లు గల్లంతైనందుకు అప్పటి ముఖ్య ఎన్నికల అధికారి జనానికి క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఓటు తిరిగి రాదు కదా. అందుకే ఎన్నికల ప్రకటన రాకముందే చూసుకోవాలి. నామినేషన్ల చివరి తేదీ దాటాక ఎన్నిక ముగిసేదాకా లిస్టులో పేరు ఎక్కించడానికీ తీయడానికీ వీల్లేదు.

ఇక మీ రెండు ఓట్లు. ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదని 17వ సెక్షన్ అంటోంది. రెండు చోట్లా వేశారా, ఒకచోటే వేశారా అన్నది తరవాత ప్రశ్న. అసలు ఉండటమే తప్పు. హైదరాబాద్‌లో మనలాంటి వాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. 2023 నవంబరు 30న తెలంగాణలో వేలికి సిరా పూయించుకున్నారు, 2024 మే 13న బస్సెక్కి ఊరెళ్ళి ఆంధ్రాలో పూయించుకున్నారు. ఆ ముందు రెండు రోజులు పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు తీరిన కార్లలో మీదీ ఒకటేమో. 'వేర్వేరు రాష్ట్రాలు, వేర్వేరు ఎన్నికలు' అని సమర్థించుకుంటారు. ఆ మే 13నే తెలంగాణలో కూడా లోక్‌సభ పోలింగ్ ఉంది. ఒకే సార్వత్రిక ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో వేస్తే రెండూ చెల్లవు.

'ఊళ్ళో ఇల్లుంది, పొలం ఉంది, ఓటెందుకు ఉండకూడదు?' అనే వాదన మీ వాళ్ళు చేస్తారు. ఇల్లు ఉన్నంత మాత్రాన నివాసం ఉన్నట్టు కాదని 20వ సెక్షన్ మొదట్లోనే ఉంది. ఓటు ఆస్తిని బట్టి రాదు, ఉండే చోటుని బట్టి వస్తుంది. మీ వీధిలో డ్రైనేజీ పొంగితే వాసన పీల్చేది మీరు. మీ పిల్లలు చదివేది అక్కడి బడిలో. ఓటు కూడా అక్కడే ఉండాలి. అమ్మగారు ఊరి మనిషి, ఆవిడది ఊళ్ళో ఉండాలి. మీరు నిజాంపేట మనిషి. ఊరితో బంధం సంక్రాంతికి వెళ్తే ఉంటుంది, అమ్మని చూడ్డానికి వెళ్తే ఉంటుంది. లిస్టులో పేరు తీయిస్తే పొలం పాసుపుస్తకానికి ఏమీ కాదు, అమ్మగారి పింఛనుకీ ఏమీ కాదు. ఇలా భయపెట్టేవాళ్ళలో సగం మందికి మీ మీద ప్రేమ కన్నా మీ ఓటు మీదే ప్రేమ ఎక్కువ.

కేసు భయం సంగతి. 2018లో ఇక్కడ ఓటు రాయించుకోవడానికి మీరు నింపిన ఫారం 6లో, పాత చోట ఓటుంటే ఆ చిరునామా రాయమని ఒక గడి ఉండేది. మీరది ఖాళీగా వదిలేసి 'ఇంకెక్కడా నా పేరు లేదు' అన్న మాట కింద సంతకం పెట్టి ఉంటే, కాగితం ప్రకారం అది తప్పు డిక్లరేషనే. దాచి ఏం లాభం? అయితే తనంతట తాను వచ్చి ఒకటి తీయించుకున్నవాడి మీద కేసు పెట్టడం నా సర్వీసులో నేను చూడలేదు. దొరికిపోయాక తీయించుకోవడం వేరు, ముందే తీయించుకోవడం వేరు. ఊరి ఎంట్రీ మీద మీరే ఫారం 7 పెట్టండి. 'ఇప్పటికే వేరేచోట నమోదై ఉంది' అన్న కారణం ఎంచుకోండి. ఎన్నికల సంఘం యాప్‌లోనైనా, ఓటర్ల పోర్టల్‌లోనైనా అవుతుంది. అనుమానం వస్తే 1950 నంబరుకి ఫోన్ చేయండి. ఇకముందు ఇల్లు మారినప్పుడు కొత్తగా ఫారం 6 పెట్టకండి. 2022 నుంచి ఫారం 6 మొదటిసారి ఓటరయ్యేవాళ్ళకే. ఇల్లు మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా ఫారం 8 ఒక్కటే. దాంట్లో పాత చోట పేరు తీయడం, కొత్త చోట ఎక్కించడం ఒకే దరఖాస్తుతో జరిగిపోతాయి. మీలాంటి వాళ్ళ తలనొప్పి అసలు పుట్టదు.

ఇప్పుడే ఎందుకంత తొందర అంటే, కాలం మారింది. 2025లో బీహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ పేరుతో ఇంటింటికీ ఫారాలు పంచారు. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. లిస్టు ప్రకారం చనిపోయిన ఇద్దరిని సుప్రీంకోర్టులో నిలబెట్టి చూపించాల్సొచ్చింది. తీసేసిన పేర్లన్నీ కారణాలతో సహా బయటపెట్టమని ఆగస్టు 14న కోర్టు ఆదేశించింది. ఆ నవంబరులో మొదలైన రెండో విడతలో పుదుచ్చేరి ఉంది కాబట్టి మన యానాం వాళ్ళకీ ఆ అనుభవం అయింది. మీదో, మీ తల్లిదండ్రులదో పేరు ఇరవై ఏళ్ళ నాటి పాత లిస్టులో ఎక్కడుందో వెతికి చూపించమనే పద్ధతి అది. ఇలాంటి సవరణ మన ఇంటిముందుకి వచ్చిన రోజు రెండు చోట్ల పేరున్నవాడు ఏ ఫారం నింపాలో తెలియక తికమకపడతాడు. పాత లిస్టులో నాన్నగారి పేరున్న పేజీ ఇప్పుడే దొరికితే ఒక ప్రింటు తీసి పెట్టుకోండి. రేపు మీకు అదే ఆధారం కావొచ్చు.

ఆ ప్రింటు అమ్మగారికి ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. నా దగ్గరికి ఒకావిడ భర్త పేరు తీయించడానికి ఫారం తెచ్చి, ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి లాక్కుంది. 'ఆ కాగితంలో ఆయన ఫోటో ఉంది కదా, ముందు అది నాకొకటి తీసివ్వండి' అంది. తపాలా బిళ్ళంత ఉంటుంది ఆ ఫోటో, అదీ మసి నలుపు. జిరాక్సు తీయించి ఇచ్చాను. మడిచి బొడ్లో దోపుకుని, అప్పుడు వేలిముద్ర వేసింది.

మీరు ఊరెళ్ళినప్పుడు లిస్టులో ఆ పేజీ తెరిచి అమ్మగారికి చూపించండి. నాన్నగారి డబ్బా పక్కనో కిందో అమ్మగారి డబ్బా ఉంటుంది. అందులో ఆవిడ పేరు కింద 'భర్త' అని, దాని పక్కన నాన్నగారి పేరు అచ్చయి ఉంటుంది. ఫారం 7తో పోయేది ఆయన ఓటు ఒక్కటే. అమ్మగారి డబ్బాలో ఉన్న ఆయన పేరుని ఎవరూ ముట్టుకోరు. ఆవిడ ఓటు ఉన్నన్నాళ్ళూ అదీ అక్కడే ఉంటుంది. ఈ మాట చెప్పి, అప్పుడు పెన్ను ఇవ్వండి.